ఇంకా

నవంబరులో దిగాం గ్దాన్‌స్క్‌లో.
ఐదు పెట్టెలు, ఇద్దరు పిల్లలు,
ఇక్కడ దేనికీ కొరగాని నా బస్సు లైసెన్సు.
మూడున్నరకే వీధి దీపాలు వెలిగాయి.
"ఈ ఊళ్ళో సూర్యుడిది ఒంటిపూట బడా?"
అడిగింది తెక్లే, టోపీ కళ్ళ మీదికి లాక్కుని.

ఐదో పెట్టెలో బట్టలు లేవు.
అక్రోటు కాయలు, ఎండుమిరప ముద్ద,
ఉన్ని మేజోళ్ళలో చుట్టిన
పుల్లరేగు పచ్చడి సీసా.
సీసా విమానంలోనే పగిలింది.
ఆ చలికాలమంతా
మా పాదాలు పుల్లగా నడిచాయి.

ఓడల కడుపులో ఏ గొట్టం ఎటు పోవాలో
గీతలు గీసే ఉద్యోగం నుత్సాది.
చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తుంది.
కుతైసీ సందుల్లో పదకొండేళ్ళు
మూడో నంబరు బస్సు తిప్పినవాణ్ణి,
ఇప్పుడు తోపుడు బండి తోస్తున్నాను.
ట్రాము డ్రైవర్ని చూస్తే
చెయ్యెత్తబోయి
జేబులో పెట్టుకుంటాను.

ఈ భాషలో నాకు మొదట అంటుకున్న మాట
*యెష్చె.*
ఆఫీసులో రెండువందల పద్నాలుగో టోకెను,
అద్దం వెనక ఆవిడ తల ఎత్తకుండానే
*యెష్చె నియె.*
ఇంకా లేదు.
మీ కార్డు ఇంకా రాలేదు. మీ కాయితం ఇంకా చూడలేదు.
ఇల్లుగలాయన్ని ఉత్తరాల పెట్టె మీద పేరు మార్చమంటే
అదే మాట.
మా ఉత్తరాలన్నీ కుర్పియెల్ అనే ఎవరో
ఎరగని మనిషి పేరు కిందే పడుతున్నాయి.
మెత్తటి మాటే. పళ్ళ మధ్య గాలి, అంతే.
నాకు మాత్రం
గడియ పడ్డట్టు వినిపించేది.

సాబాకి ఇరవై నెలలు. ఒక్క మాటా లేదు.
రెండు భాషలు కదా, తొందరపడకండి, అంది డాక్టరు.
రెంటికీ చెరో చెవి ఇచ్చి
నోరు కట్టుకు కూర్చున్నాడు వాడు.
నేను 'మామా' కోసం కాచుకున్నాను.
మా భాషలో మామా అంటే నాన్న.
ఇక్కడ అమ్మ.
వాడు ఏ ఇసకగుంటలోనో ఆ మాట అన్నా
అందరూ నుత్సా కోసం చూస్తారు,
పక్కనే చేతికి ఇసకతో నేనుంటాను.

ఫిబ్రవరిలో ఒకరోజు మళ్ళీ ఆఫీసు,
మళ్ళీ టోకెను.
వాణ్ణి కింది వాటాలో బోగుమీవా గారి దగ్గర వదిలాను.
తిరిగొచ్చేసరికి
గడ్డం దాకా బీట్‌రూట్ ఎరుపు,
రెండు చేతులా ఖాళీ గిన్నె పైకెత్తి
"యెష్చె!"

ఉలిక్కిపడ్డాను.
ఇంత బుడతడికి
ఎవరు ఏ కిటికీ దగ్గర కాదన్నారు?
బోగుమీవా గారు పకపకా నవ్వి
ఇంకో గరిటె పోశారు.
వాడు తాగాడు. గిన్నె ఎత్తాడు.
"యెష్చె!"
పోశారు.

మా భాషలో ఇవి రెండు మాటలు:
రానిదానికొకటి, చాలనిదానికొకటి.
వీళ్ళకు రెంటికీ ఒకటే.
నాలుగు నెలలుగా నేను ఒక కొస పట్టుకుని లాగుతున్నాను,
రెండో కొస వీడికి ఒక పూట సూపులో దొరికింది.

రాత్రి నుత్సాకి చెప్పాను.
ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా కూర్చుంది.
"మొదటి మాట. మనది కాదు"
అని ఆగి,
"గిన్నె మనదేనా?" అంది.
కాదు, ఆవిడదే.
నవ్విందో మరేమో, నడవాలో బల్బు పోయింది,
కనబడలేదు.

కార్డు రాలేదు.
పెట్టె మీద కుర్పియెల్ అలాగే ఉన్నాడు.
నేను పొయ్యి దగ్గర నిలబడి
ఆ మాటనే వాడిలా అనాలని చూస్తున్నాను,
అడుగుతున్నట్టు, గిన్నె ఎత్తినట్టు.
తెక్లే హోంవర్కులోంచి తలెత్తి
"నాలిక అక్కడ కాదు నాన్నా, వెనక్కి"
అని దిద్ది,
పెన్సిలుతో బల్ల మీద కొట్టింది
అచ్చం వాళ్ళ టీచరులా:
*యెష్చె రాస్.*
ఇంకొక్కసారి.