ఏమేమి వచ్చాయి

ఆండర్సన్ వీధిలో మునిరత్నం గారి శుభలేఖల కొట్టు.
మేడకి పదమూడు మెట్లు, నాలుగోది లేదు.
తెలిసినవాళ్లు దాటుకుని ఎక్కుతారు.
నాకు తెలీదు,
మోకాలు చెక్కుకుపోయి
కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

పెళ్లికూతురి తండ్రి బొఱ్ఱా వారు
ఇంటిపేరులో బండి ఱ పడాలన్నారట,
మామూలు ర వేస్తే
కార్డులన్నీ మీ కొట్లోనే ఉంచుకోండన్నారట.
ఇక్కడున్న అక్షరాలకి ఆ బండి తెలీదు.
అది రావలసిన చోట ఒక ఖాళీ డబ్బా నిలబడుతోంది.

అక్షరాల ప్యాకేజీ ఒకటి దించి ఎక్కించాను.
గీత నిండింది. నూరు శాతం.
"అయిపోయిందండీ" అన్నాను
సంచి సర్దుకుంటూ.

"ఏదీ?"
అడిగింది వేదవల్లి గారు.
ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు కూర్చిన మనిషి,
ఇప్పుడు తప్పులు దిద్దుతోంది.
"తెర మీద నిన్నటి బొమ్మలే ఉన్నాయి.
ఏం అయిపోయింది?"

లోపలికి వెళ్లిందన్నాను.

"పెళ్లివారి సామాను లోపలికి వెళుతుంటే
గుమ్మంలో ఒకడు నిలబడి లెక్క రాసుకుంటాడే,
నీ దాంట్లో వాడు లేడా అమ్మాయ్?"

ఉన్నాడు.
ఏడేళ్లలో నేనే ఎప్పుడూ పిలవలేదు.
మణ్ణడిలో, పార్క్ టౌన్‌లో, ఆసుపత్రి బిల్లుల గదిలో
ఎన్నెన్నో ఎక్కించి
అయిపోయిందని చెప్పి మెట్లు దిగిపోయాను.

నల్ల కిటికీ తెరిచాను.
ప్యాకేజీ పేరు రాసి
ఏమేమి తెచ్చావని అడిగాను, ఒక్క వరస ఆదేశం.
అరవై రెండు వరసలు దిగాయి.

ఆవిడ నుదుటి మీది కళ్లజోడు కిందికి లాగి
తెర మీద వేలు పెట్టింది, ప్రూఫు చదివినట్టే.
"ఇదేమిటి?"
లైసెన్సు. ఎవరైనా వాడుకోవచ్చని.
"ఊరికేనా? ఇంత పని ఊరికే ఇచ్చారా?"
ఆ మాట దగ్గర కాసేపు ఆగింది.
"ఇది?"
మార్పుల చిట్టా.
"ఇది?"
నాకూ తెలీదు.
"తెలీనివి జనం ఇళ్లలో పెట్టి పోతున్నావన్నమాట."
ఫ్యాను చప్పుడు తప్ప నా దగ్గర జవాబు లేదు.

నలభై ఒకటో వరస పేరు 'చదవండి'.
చదివాం.

*ఱ కింద ఱ వత్తు నాకు కుదరలేదు.
రెండూ రాసుకుంటున్నాయి.
పాత అచ్చు ఎరిగినవాళ్లు ఎవరైనా చెబితే దిద్దుతాను.
అంతవరకూ 'పాతవి' అనే అరలో
ఇంకో రూపు పెట్టాను, చూడండి.*

కింద ఒక మెయిల్ చిరునామా, పేరు లేదు.
తేదీకి పదకొండేళ్లు.
ఎన్ని వేల యంత్రాల్లోకి వెళ్లిందో ఈ చీటీ,
ఎక్కించిన ప్రతివాడూ
అయిపోయిందనుకున్నాడు.

'పాతవి' అర తెరిచాం.
బొఱ్ఱా వారు నిలబడ్డారు, వత్తు వత్తుగా, రాసుకోకుండా.
"రెండొందలు ఎక్కువ అడగొచ్చా?"
వెనకనుంచి మునిరత్నం గారు.

వేదవల్లి గారు వినలేదు.
కార్డు ముక్క వెనక పెన్సిలుతో ఱ గీస్తోంది.
"అచ్చుకేసులో ఎడమపక్క, కింది మూల గది దీనిది.
ఏడాదికి నాలుగుసార్లు కావాలేమో,
అయినా చూడకుండానే చెయ్యి వెళ్లేది."
వత్తు ఒక వెంట్రుకవాసి కుడికి జరిపింది.
చెరిపింది. మళ్లీ జరిపింది.
"ఫోటో తీసి ఆయనకి పంపు.
ఆవిడకైనా సరే."

పంపాను.
జవాబు రాలేదు.
చిరునామా తప్పని తిరిగీ రాలేదు.

నాలుగో మెట్టు గుర్తుంచుకుని దిగాను.
దిగేటప్పుడు అది పదోది.
రెండో మోకాలు.

మర్నాడు తంబుచెట్టి వీధిలో
లెక్కల ప్యాకేజీ ఎక్కిస్తుంటే
గీత నిండడం చూసి కుర్రాడు లేచాడు:
"అయిపోయిందా అక్కా?"

ఇంకా లేదు.
ఆ కుర్చీ ఇటు లాక్కో.