తొంభై తొమ్మిది పాయింట్ రెండు

వసూలు శాతం అది.
బాండు అమ్మడానికొచ్చిన కుర్రాడు
ఆ అంకె కింద రెండుసార్లు గీత గీశాడు.
"అందరూ ఆడవాళ్ళే మేడమ్, ఎగ్గొట్టరు."
పెరంబూరు లోకో వర్క్స్ లెక్కల విభాగంలో
ముప్పై ఒక్క ఏళ్ళు కూడికలు సరిచూసినదాన్ని,
మిగిలిన సున్నా పాయింట్ ఎనిమిది
ఎవరని అడగలేదు.
పదకొండు శాతం చూశాను, సంతకం పెట్టాను.

మొన్న మంగళవారం పొద్దున్న ఆరున్నరకి
చేపల వేపుడు బండి తులుక్కాణమ్మ తలుపు తట్టింది.
గోళ్ళ నిండా పసుపూ కారమూ.
ఆరువందల నలభై కావాలక్కా, శుక్రవారం ఇచ్చేస్తా.
వానకి నాలుగు రోజులు బండి తియ్యలేదు.
కట్టకపోతే గుంపులో మిగతా తొమ్మిదిమందీ
నా గుమ్మంలో కూర్చుంటారు.
కంపెనీ అబ్బాయి కేకలెయ్యడు, పాపం.
వాళ్ళచేత వేయిస్తాడు.

ఏ కంపెనీ అన్నాను.
ఆకుపచ్చ అట్ట పాస్‌బుక్కు, దానిమీద పిచ్చుక బొమ్మ.
బీరువాలో నా బాండు మీదా
అదే పిచ్చుక.

డబ్బిచ్చాను.
మర్నాడే ఫోను టింగుమంది: వడ్డీ జమ.
నేనిచ్చిన ఆరువందల నలభైలో
ఎంత నా ఇంటికే తిరిగొచ్చిందో
లెక్క కట్టబోయి పెన్సిల్ పక్కన పెట్టాను.

ఆమె కట్టేది ఇరవై ఆరు, నాకందేది పదకొండు.
నడుమ మోటారు సైకిళ్ళు తిరగాలి, పెట్రోలు కావాలి, కాదనను.
వడ్డీయే పాపమనే మనిషిని కాను.
ఆ అప్పు లేకపోతే బండికి చక్రాలే లేవని
తనే అంటుంది.

కానీ ఎంత నష్టం ఓర్చుకోగలరని
ఐదు గడులిచ్చి నన్నడిగారు.
ఆమెనెవరడిగారు?
రెండు చోట్ల అప్పుందని తెలిసే
మూడోది ఇచ్చారా?
వాన వారానికి వాయిదా ఉందా?
ఆ అబ్బాయి జీతాన్ని దేనికి ముడేశారు?

గడువు తీరింది. రెన్యువల్ ఫారం
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.
దాని వెనక రాసుకున్నవన్నీ ఫోన్‌లో చదివితే
"ఇవెవరూ అడగరు మేడమ్" అన్నాడు కుర్రాడు.
తలా పాపం తిలా పిడికెడు అంటారు కదా బాబూ,
నా పిడికెడు తూచి చెప్పమంటున్నా.
లైను కాసేపు గరగరలాడింది.

శుక్రవారం తులుక్కాణమ్మ ఐదువందలిచ్చింది.
మిగతాది వచ్చే వారం అంది.
సరే అన్నాను.
నా వసూలు డెబ్బై ఎనిమిది పాయింట్ ఒకటి.
ఎవరి గుమ్మంలోనూ
ఎవరూ కూర్చోలేదు.