అరవై సెంటీమీటర్లు

టిప్టన్‌లో, కాలువ మలుపు పక్కన,
పాత క్రోమ్ పూత కర్మాగారం ఉన్న చోట
పద్నాలుగు గుంటలు తవ్వాం.
ఏడో గుంటలో మట్టి పసుపు.
తంగేడు పసుపు కాదు, గడప పసుపు కాదు,
చూడగానే రెండో జత గ్లవ్స్ తొడుక్కునే పసుపు.

నా పని లాగ్ రాయడం.
ముప్పై సెంటీమీటర్ల దాకా బూడిద, ఇటుక ముక్కలు, ఒక బూటు అడుగు.
మీటరున్నర దాకా ఇనుప చిట్టెం.
ఆ కిందే దేవుడు పెట్టిన బంకమన్ను.
పైదాన్నంతా మా వృత్తిలో 'చేసిన నేల' అంటాం.
ఎవరు చేశారన్న గడి నా ఫారంలో లేదు.

ఆ గడి కౌన్సిల్ ఫారంలో ఉంది.
పాడుచేసినవాడే బాగుచేయాలంటుంది చట్టం.
న్యాయమైన మాటే.
వెతికితే, కంపెనీ తొంభై మూడులో మూతపడింది.
దాన్ని కొన్నది ఇంకోదాంట్లో కలిసింది.
ఆ ఇంకోటి ఇప్పుడొక తపాలా పెట్టె.
ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందంటారే, అలా.
ఎవరూ దొరక్కపోతే
నేల ఎవరి పేరున ఉంటే పాపం వాళ్లది.
నేల కౌన్సిల్ పేరున ఉంది.
ఫారం నింపుతున్న లొరెయిన్ పెన్ను ఆపి
"అంటే నేనేనా?" అంది.

మట్టి విషమా కాదా అని
చట్టం మట్టిని అడగదు.
ఇక్కడేం కట్టబోతున్నారని మమ్మల్ని అడుగుతుంది.
కార్ పార్కంటే ఒక అంకె.
గోదాము అంటే ఇంకో అంకె.
పెరడున్న ఇల్లంటే మాత్రం,
ఆ పెరట్లో క్యారెట్ పీకి
కడక్కుండానే కొరికే ఆరేళ్ల లోపు ఆడపిల్ల
ఉందనుకుని కట్టిన అంకె.
లెక్కలో పుట్టిన పిల్ల.
దేశంలోని పాడు నేలలన్నిటి మీదా
రోజూ చిటికెడు మన్ను తింటూ ఉంటుంది.
నోరు తెరవమంటే లోకాలేం కనబడవు,
దశాంశ బిందువు, దాని తర్వాత మూడు అంకెలు.

సిరిల్ ఫెలోస్ రోజూ కంచె దగ్గరికొచ్చేవాడు.
ఇరవై రెండేళ్లు తొట్ల పక్కన పనిచేశాడు.
ముక్కులో మధ్య గోడ కరిగిపోయింది.
ఈ ముక్కులోంచి ఆ ముక్కులోకి దారం లాగి చూపిస్తే
పబ్‌లో ఒక బీరు ఫ్రీ అట, ఒకప్పుడు.
పిల్ల లెక్కంతా విన్నాడు, శ్రద్ధగా.
"మరి నా అంకెంత?" అన్నాడు.
నా దగ్గరున్న పట్టికలన్నీ
రాబోయేవాళ్లవి.
టీ ఉంది ఫ్లాస్కులో, తాగుతావా అన్నాను.

ఏడో గుంట చుట్టూ ఉన్నది లారీలకెత్తారు.
ఎక్కడికంటే, లైసెన్సున్న ఇంకో గోతికి.
దాని పక్కనా ఏదో ఊరుండే ఉంటుంది.
మిగిలినదాని మీద నారింజ రంగు వల పరిచారు,
వల మీద అరవై సెంటీమీటర్ల మంచి మట్టి.
ష్రాప్‌షైర్ పొలాల నుంచి వచ్చింది, వానపాములతో సహా.
పలుగుకు నారింజ తగిలితే తవ్వడం ఆపాలి.
ఆ మాట దస్తావేజులో పంతొమ్మిదో పేజీలో ఉంది.
శుభ్రం చేశాం అని రిపోర్టులో రాయలేదు,
'వాడకానికి తగినది' అని రాశాను.
పెళ్లిచూపుల్లో ఒక్క లోపం దాచకుండా చెప్పి
చిన్న గొంతుతో చెప్పినట్టు.

నలభై ఆరు ఇళ్లు లేచాయి.
వీధి పేరు 'పచ్చిక బాట'.
నా గుంటల్లో ఎక్కడా పచ్చిక ఆనవాలు లేదు,
బిల్డర్ ఏ లోతుకెళ్లి చూశాడో మరి.

మొన్న వసంతంలో అటుగా వెళ్తుంటే
ఏడో గుంట ఉన్న చోట, నాకు కచ్చితంగా గుర్తు,
ఒక గేటుకు బెలూన్ కట్టి ఉంది.
పెద్ద వెండి రంగు అంకె, ఏడు.
కారు ఆపాను.
లోపల ఎవరో పిల్లలు అరుస్తున్నారు,
ఎవరి చేతులు ఎంత మట్టిగా ఉన్నాయో కనబడలేదు.
లెక్కలో పిల్ల
ఏడుకు ఎప్పుడూ రాలేదు.
వెనక పాల వ్యాను హారన్ కొట్టాడు,
కదిలాను.