మెడ మీది గీత

పదహారేళ్లుగా ససమొరి మెడ నాకు తెలుసు.
నెలకోసారి వస్తాడు, బూట్లు జతగా విడుస్తాడు,
కుర్చీలో తల వాలుస్తాడు.
ఎడమ చెవి వెనక ఒక సుడి.
ఎటు దువ్వినా దాని దారి దానిదే.

ఊళ్లో ప్రసూతి వార్డు మూసేస్తామన్నప్పుడు
ఈ మనిషే మూడు చలికాలాలు కాగితాలు మోశాడు.
మంచులో కనుమ దాటలేక
అంబులెన్సులోనే పుట్టిన పిల్ల పేరు
ప్రతి ఆఫీసులోనూ చెప్పాడు, అర్జీ తియ్యకముందే.
వార్డు నిలిచింది. రెండు మంచాలు, ఒక మంత్రసాని.
నా మనవరాలు రెండో మంచం మీద పుట్టింది.

అతని పార్టీ మాత్రం నాకు గొంతు దిగదు.
ఒడ్డున ఆగిపోయి ఉన్న అణుకేంద్రాన్ని
మళ్లీ రాజేస్తామంటారు వాళ్లు,
చల్లారిన టీ వెచ్చబెట్టినంత తేలిగ్గా.
మా ఆయన ఇసావొ అక్కడ పరంజాలు కట్టేవాడు.
చొక్కాకి తగిలించుకునే మీటరు
ఇంకా కత్తెర్ల సొరుగులోనే ఉంది.
జబ్బుకీ దానికీ సంబంధం లేదన్నారు డాక్టర్లు.
లేకపోవచ్చు.
సొరుగు లాగినప్పుడల్లా అది దొర్లుతుంది.

అటువైపు నిలబడ్డ అమ్మాయి నా మాటే మాట్లాడుతుంది,
నాకన్నా బాగా.
టోక్యో నుంచి వచ్చింది. తెల్ల గ్లవ్స్ ఊపుతూ
మైకులో మా ఊరి పేరు తప్పు పలికింది.
దానికేం, నేర్చుకుంటుంది అనుకున్నాను.
నాలుగు రోజుల్లో నేర్చుకుంది కూడా.

చేపల వేలంలో పనిచేసే తొకివ నవ్వింది:
"మనిషికేసినా పడేది పార్టీకే కదే.
చేప కొని ముల్లు వద్దంటే ఇస్తారా?"

ఎన్నికలకి వారం ముందు అతనొచ్చాడు.
గడ్డం కింద నురగ రాసి, కత్తి ఆనించి అడిగాను:
"ఆ సంగతి సభకొస్తే కూర్చుంటావా, లేస్తావా?"
కత్తి గొంతు దాటేదాకా ఆగాడు.
గుటక మింగాడు.
"లెమ్మంటే లేస్తానండి మిత్సుయొ గారూ."

అబద్ధం చెప్పినా బాగుండేది.
అబద్ధాలకోరుని వద్దనుకోవడానికి ఎంతసేపు పడుతుంది?
వేడి తువ్వాలు వేసి ముఖం కప్పేశాను,
నా ముఖం అద్దంలో అతనికి కనబడకుండా.

పోలింగు బడి వ్యాయామశాలలో.
బాస్కెట్‌బాల్ గీతల మీద అట్టల గదులు.
మా దగ్గర గుర్తులుండవు, ముద్రలుండవు.
పెన్సిలు పట్టుకుని పేరు రాయాలి, మన చేత్తో.
మొదటి కాగితం మనిషికి, రెండోది పార్టీకి.
ఒక్క మనసుని ఎక్కడ కొయ్యాలో
సర్కారే గీత గీసి ఇచ్చినట్టు.

వెదురుగడ్డి, అడవి: ఇంటిపేరు అయింది.
మిగిలింది ఒకే అక్షరం, తమొత్సు.
కాపాడు అని దానికర్థం.
ఎవరిని, దేన్నుంచి అని అక్షరాలు చెప్పవు.
పక్క గదిలో ఎవరిదో పెన్సిలు కిందపడి దొర్లింది,
సొరుగులో చప్పుడు లాగే.
ఆగాను. ఆగి, రాశాను.
రెండో కాగితం మీద అమ్మాయి పార్టీ పేరు
ఒక్క ఊపున.

అదో రకం కాగితం. ఎంత గట్టిగా మడిచినా
పెట్టెలో పడగానే దానంతటదే విచ్చుకుంటుంది.
లెక్కపెట్టేవాళ్లకి సులువట.
ఇంటికి నడుస్తుంటే చాలాసేపు
లోపల ఏదో విచ్చుకుంటూనే ఉంది.

వసంతంలో టీవీలో సభ.
"సమ్మతించేవారు లేవండి" అన్నారు.
కెమెరా వెనకనుంచి చూపిస్తోంది.
వరసలు వరసలుగా నల్ల కోట్లు, ముఖాల్లేవు.
చెవి వెనక సుడిని బట్టి పోల్చుకున్నాను.
లేచాడు, చెప్పినట్టే.
మెడ మీద నేను గీసిన గీత
తిన్నగా, శుభ్రంగా,
కత్తి పెట్టి వారం కూడా కాలేదు.