అడుగు తాకిన తేదీ

గత ముప్పై రోజుల్లో...
నా ప్రశ్నలన్నీ ఇక్కడే మొదలవుతాయి.
గత ముప్పై రోజుల్లో, డబ్బుల్లేక,
ఎప్పుడైనా ఒక పూట మానేశారా?
లేదు, అప్పుడప్పుడూ, తరచూ...
ఏదో ఒకటి నొక్కితే గానీ
ట్యాబ్లెట్ తరవాతి పేజీకి పోదు.

పులియంతోపు, హౌసింగ్ బోర్డు, మూడో అంతస్తు.
తెలుగొచ్చినదాన్నని ఈ బ్లాకు నాకు రాశారు.
లిఫ్టు ఉండాల్సిన గుంతలో
ఎవరిదో కోడి పొదుగుతోంది.
చెంగమ్మ తెల్లారి నాలుగింటికి
మదరాసు ఊడ్చడానికి పోయి
పదకొండుకి వచ్చి, నీళ్ళు పోసుకుని,
వేరే చీర కట్టుకుని కూర్చుంటుంది నా కోసం.

"మానేశారా అవ్వా?"
"మేమా? లేదే" అంది,
చూపు గడప మీద పెట్టి.
లేదు నొక్కాను.
దేశం ఆ మేరకు కొంచెం బాగుపడింది.

తేనాంపేట ఆఫీసులో వరదన్ సార్
వేల ఇళ్ళ లేదుల్నీ అవునుల్నీ
ఒకే అంకెగా కాచి దించుతారు.
పోయినేడు ఇరవై ఏడు పాయింటు మూడు,
ఈ ఏడు ఇరవై ఆరు పాయింటు ఎనిమిది.
గీత దిగింది.
దిగడం మంచిదని తెలియడానికి
పక్కన ఆకుపచ్చ బాణం.

రెండో విడతలో వెళ్ళినప్పుడు
ఫ్యాను గాలికి క్యాలెండరు ఎగిరింది.
దాని వెనక ఇంకోటి, ఇంకోటి,
ఒకే మేకుకి పదకొండేళ్ళు.
అడకు కొట్టువి, నగల షాపువి, పార్టీవి,
ఒకటి కాళ్ళనొప్పుల తైలం వాళ్ళది.
నెలకి రెండేసి చుక్కలు:
ఒకటి కుంకుమ, ఒకటి బొగ్గు.

"అదా? కుంకుమేమో బియ్యం డబ్బాలో
సోల అడుగు తాకిన దినం.
బొగ్గు కందిపప్పుది.
చూడాల్సిన పని లేదు మ్మా,
గర్రుమంటాది, చెవికే తెలుస్తాది."

నేలమీద పరుచుకున్నాం ఇద్దరం.
కుంకుమ చుక్క ఏళ్ళ వెంట మెల్లగా జరిగి
నెలాఖరు చేరుకుంది,
కొన్ని నెలల్లో పడనే లేదు.
రేషను బియ్యం ఊరికే వస్తాయి కదా.
బొగ్గు దానికి ఎదురు నడిచింది:
ఇరవై మూడు, ఇరవై, పదిహేడు.
వాన ముంచిన డిసెంబరులో ఆరు.
ఊరంతా తలుపులేసుకున్న ఏప్రిల్లో రెండు.
కోడలు కాన్పుకని వచ్చిన నెల
ఒకే గడిలో రెండు చుక్కలూ
ఒకదాన్నొకటి ఆనుకుని.

ముప్పై రోజులు కాదు,
నూట ముప్పై రెండు నెలలు.
నా ట్యాబ్లెట్లో దీనికి గడి లేదు.

"ఎందుకు పెడతావవ్వా ఇవి?"
"నేను మరిచిపోతే?
అంతా బాగుండాదని నేనే అనేస్తానే."

ఆ పూట నన్ను లేవనివ్వలేదు.
ముద్దపప్పు, వేయించిన మిరపకాయ,
నెయ్యి లేదని మంచినూనె.
రెండోసారి వడ్డిస్తుంటే
చెయ్యి అడ్డం పెట్టాలని గుర్తుంది.
పెట్టలేదు.
పొద్దున్నించీ నాలుగు అంతస్తులు ఎక్కి దిగాను,
ఆకలేసింది.

మూడో విడత.
చెంగమ్మ లోపల కాఫీ కలుపుతోంది.
నేను మేకు దగ్గరికి వెళ్ళి వెనక్కి తిప్పాను.
మే నెల బొగ్గు పదహారున.
జులై కూడా పదహారే.
మధ్యలో జూన్,
నేను తిన్న నెల,
పదిహేను.

చుక్క మీద వేలు పెట్టాను.
కొంచెం అంటుకుంది.

"చక్కెర ఎంతెయ్యమంటావు?"
లోపల్నించి కేక.
"వద్దవ్వా,
మానేశాను."