ఇరవై ముఖాల పనసచెక్క

ఈసారి ఎవరికీ మంత్రాలుండవని చెప్పాను.
బొబ్బిలి, జెరాక్సు షాపు మేడ, ఆదివారం మూడున్నర.
కూర్మారావు నోటిదాకా వెళ్లిన పకోడీ ఆగింది.
"మరి నా ముసిలి మాంత్రికుడేటవుతాడు?"

నిరుడంతా వాడి చిటికెకే కాలిపోయాయి
నా రాక్షసులు, నా తాళాల తలుపులు,
డిపోలో బస్సుల టైములు రాసొచ్చి
రాత్రి రెండింటిదాకా నేను గీసుకున్న నేలమాళిగలు.
చచ్చినవాడు కూడా టీ చల్లారేలోపు లేచి కూర్చునేవాడు.
"గడ్డం ఉంచుకో," అన్నాను. "కర్రా ఉంచుకో.
ఊతానికి పనికొస్తుంది."

దాలినాయుడు, లైన్‌మన్, కత్తి కోరుకున్నాడు.
జూట్‌మిల్లు పైడంనాయుడు తాడు రాయించుకున్నాడు, నలభై బారలు.
ఎందుకురా అంటే, "ఉండనీ."
అసిరితల్లికి ఆవేళ పోలియో డ్యూటీ.
చుక్కల డబ్బా గుమ్మంలో దించి
విల్లు తనకే కావాలంది.

పాచిక మా మావయ్య చేసిచ్చాడు, గొల్లపల్లిలో,
వీణకుండ తొలిచాక మిగిలిన పనసచెక్కతో.
ఇరవై ముఖాలు. పద్నాలుగు చెక్కినచోట ఒక కణుపు.
ఆ బరువుకి అది నేలకి దిగి
మాటిమాటికీ ఏడు పైకొస్తుంది.
విశాఖ నుంచి ప్లాస్టిక్‌ది తెప్పిద్దామన్నారు.
ఏడొస్తే ఏడవండి, అన్నాను.

కోట ఎలా కూలుతుందో మా ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు,
కాబట్టి కోట పెట్టలేదు. డ్రాగన్నీ పెట్టలేదు.
మూడో వారం జీడితోటలో
ఒక ఎలుగుబంటిని నిలబెట్టాను, పిల్లతో.
నిరుడు ఏడుతలల దాన్ని చూసి పగలబడి నవ్వినవాళ్లు
ఎవరూ నవ్వలేదు.
పైడంనాయుడు పకోడీ కాగితాన్ని మడతమీద మడత పెడుతున్నాడు.
వాళ్ల చినాన్న ఎడమచెంప నాకప్పటికి గుర్తురాలేదు.

కూర్మారావు విసిరాడు. ఏడు.
తొడ చీరుకుపోయింది, అని చదివాను.
తర్వాతేం చదవాలో నా నోటుబుక్కులో లేదు.
అసిరితల్లి అడిగింది:
"ఎముక అగుపిస్తందా? రక్తం చిమ్ముతందా, కారతందా?
నీళ్లు మరగబెట్టడానికి పుల్లలున్నాయా? ఊరెంత దూరం?"
ఒక్కొక్కటీ అప్పటికప్పుడు కనిపెట్టాల్సొచ్చింది.
కారుతోంది. ఉన్నాయి, తడివి.
కొండ దిగువన, పదకొండు కోసులు.

అప్పుడు తాడు బయటికి తీశాడు పైడంనాయుడు.
ఎవరిదో దుప్పటి, ఒక వెదురు. డోలీ.
"దిగుడులో పొడుగోడు ముందుండాల,
లేపోతే మనిషి జారిపోతాది.
మొన్న శ్రావణంలో మోసాం ఒకమ్మిని, నెలలు నిండింది,"
అని, అంతే చెప్పి, విల్లు సర్దుకుంది.

నాలుగు ఆదివారాలుగా దిగుతూనే ఉన్నాం.
ఒక వాగుకే ఒక ఆదివారం పోయింది.
ముసిలి మాంత్రికుడు పడుకునే ఆడుతున్నాడు.
నీళ్లడుగుతాడు, మోసేవాళ్లని తిడతాడు,
వారానికోసారి జ్వరానికి పాచిక వేస్తాడు.
నేను రాజభవనాలు వర్ణించడం మానేశాను.
కాలికింద రాయి సంగతి చెబుతాను,
అది కదులుతుందా లేదా.

నిన్న ఈదురుగాలి. కరెంటు పోయింది,
దాలినాయుడి ఫోను మోగింది.
"పారాది కాడ లైను తెగిందట. బేగెళ్లాల.
నా కొస ఎవులు పడతారు?"
చెప్పులేసుకున్నాక కూడా గుమ్మంలో నిలబడ్డాడు,
కుడిభుజం కొంచెం ఎత్తి.
అసిరితల్లి చేతిలో దివిటీ. ఎలుగు ఇంకా బతికే ఉంది.

ఆట నడిపేవాడు ఆటలోకి దిగకూడదు.
ఎదురుగా ఒక బాటసారి వస్తున్నాడు, అన్నాను.
"పేరు?"
ఆలోచించలేదు. ఆయుధం లేదు,
అంకెలేమీ రాయలేదు వాడికి.
"ఏ భుజం?" అని మాత్రం అడిగాడు.

దాలినాయుడు మెట్లు దిగిన చప్పుడు.
కూర్మారావు చీకట్లో చాపంతా తడుముతున్నాడు
పాచిక కోసం.
ఈవారం జ్వరం సంగతి ఇంకా తేలలేదు.