పన్నెండు దాటినంక

మా నాయిన గజ్జెల ఓదెలు, దడ్వాయి.
ఎనుమాముల మార్కెట్ల ముప్పై ఏండ్లు కాంటా పట్టిండు.
పొద్దుగాల ఎవ్వల బస్తా ముట్టకముందే
ఉత్త పళ్ళెం ఊపి చూసేటోడు.
ఏం లేనప్పుడు ముల్లు ఏడ నిలుస్తదో తేలినంకనే
ఉన్నదాని ముచ్చట.

నా కొలువు మడికొండల, రెండో అంతస్తుల, ఏసీ కింద.
నేను తూచేది కండ్లకు కనపడదు.
పేరు రాయాల్సిన కాడ అంకెలు రాస్త,
బస్తాల గడిల సున్న పెడ్త, సున్నకు తక్కువ పెడ్త,
ఒక్కటే బటన్ను మొండిపిల్ల లెక్క పదిసార్లు నొక్కుత.
"నీకేంది, చెడగొట్టుడే గదా పని" అంటడు
కోడు రాసే అన్వేష్.
నేను చెడగొట్టను తమ్మీ.
చెడి ఉన్నదాన్ని చెడ్డదంటున్న.

జనవరిల ఒకనాడు అందరు చాయ్‌కి దిగినంక
మెషిన్ గడియారాన్ని రాత్రి పదకొండున్నరకు తిప్పి
ఉత్తుత్తి మిర్చి, ముప్పై ఏడు బస్తాలు, తూచిన.
చివరి బస్తా ఎక్కేసరికి పన్నెండు దాటింది.
తక్‌పట్టీ మీద ధర మారింది.
కొత్త తారీఖు పడ్డది,
ఆ తారీఖుకు జెండా పాట ఇంక కానేలేదు,
ఏ ధర దొరకక
పట్టికల అన్నిటికంటే అడుగున ఉన్నదాన్ని ఎత్తుకున్నది.
క్వింటాలుకు ఏడు వందలు కిందికి.

టికెట్ నంబరు నాలుగువందల పన్నెండు.
ఫోన్ల హైదరాబాద్ నుంచి గొంతు అడిగింది:
"అర్ధరాత్రి మిర్చి ఎవరు తూస్తారమ్మా?"
మా నాయిన తూచిండు సార్.
గిన్నెల బువ్వ పట్టుకొని నేను పోయిన,
ఘాటుకు తుమ్ముకుంట బస్తాల మీద నిద్రపోయిన.
ఇదంత చెప్పలే.
"సీజన్ల తూస్తరు సార్" అన్న, అంతే.
ప్రాధాన్యం: తక్కువ.
విడుదలకు ముందు పచ్చ టిక్కు పెట్టాలె.
పెట్టింది నేనే.

మార్చి. యార్డు నిండి, గేట్లు మూసి,
ట్రాక్టర్లు రోడ్డు మీద లైను కట్టిన రాత్రి.
నర్సంపేట దిక్కు తండా నుంచి బానోతు మంగ్లి,
ముప్పై ఏడు బస్తాలు.
నా ఉత్తుత్తి లెక్క ఎట్ల తగిలిందో ఆమెకు.
పద్నాలుగు క్వింటాళ్ళ ఎనభై కిలోలు.
పదివేల మూడువందల అరవై రూపాయలు
ఏ దొంగ లేకుండ పోయినయి.
చదువు రాదు ఆమెకు. పొద్దుటి పాట మాత్రం చెవులున్నది.
పట్టీని గుమస్తా ముందర పెట్టి అడిగిందట:
"పొద్దుగాల మిరపకాయ, గిదే మిరపకాయ.
రాత్రి అయితే దీని కారం సచ్చిపోయిందా?"

సరిచేసుడు పదకొండు నిమిషాల పని. ఒక్క లైను.
అన్వేష్ రాసిండు, నా దిక్కు చూడలే.
మంగ్లి పైసలు మంగ్లికి ముట్టినయి.
ఆ రాత్రి పట్టీలు ఇంక రెండువందల చిల్లర,
కొన్నిటి మీద ఫోన్ నంబరు తప్పు,
కొందరు పట్టీలనే పారేసుకున్నరు,
ఒకాయన "పోనియ్యిండ్రి, మాకు అలవాటే" అన్నడు.
ఆ మాటకు ఏ టికెట్టు రాయాల్నో నాకు తెల్వలే.

ఇంటికొచ్చి నాయినకు చెప్పిన.
అంతా విని ఒక్కటే అడిగిండు:
"ముల్లు వంకర ఉన్నదని నీకు ముందే ఎరుకేనా?"

ఎరుకే.

తెల్లారి నాలుగువందల పన్నెండును మళ్ళ తెరిచిన.
'తప్పు ఎట్ల బయటపడింది' అన్న గడిల
నా పేరు తీసేసి
కారం సంగతి అడిగిన ఆమె మాటను
ఉన్నదున్నట్టు రాసిన.